పాత పికప్‌కి వేరే రేడియేటర్: పెద్దది వేస్తే సరిపోతుందా?

ఈ ఎపిసోడ్ మొత్తం ఒకే ఒక్క ప్రశ్న మీద. మీలో చాలామంది ఇదే అడుగుతున్నారు. "అన్నా, నాది పాత పికప్. లోడుతో ఘాట్ ఎక్కితే హీట్ అయిపోతోంది. పాత సామాన్ల మార్కెట్లో పెద్ద బండి రేడియేటర్ దొరుకుతోంది, అది తెచ్చి పెట్టేస్తే ప్రాబ్లమ్ పోతుందా?"

ఒక్క ముక్కలో చెప్పాలంటే, పోవచ్చు, పోకపోవచ్చు. ఇంకా పెరగొచ్చు కూడా. పెద్ద రేడియేటర్ పెట్టాక ముందుకంటే ఎక్కువ హీట్ అయిన బళ్లు నా షెడ్డుకే వచ్చాయి. అదెలా అంటారా? అదే ఇప్పుడు చూద్దాం.

ఉదాహరణకి ఒక బండి తీసుకుందాం. స్క్రీన్ మీద చూస్తున్నారు కదా, పాత బొలెరో పికప్, 2523 సీసీ డీఐ ఇంజన్. ఎస్.కోట వైపు తమ్ముడిది. కిరాణా సరుకు, సిమెంటు బస్తాలు వేసుకుని అనంతగిరి ఘాట్ మీదుగా అరకు వెళ్తాడు. ఓనరూ అతనే, డ్రైవరూ అతనే. ఇప్పటికే ఒకసారి హెడ్ గ్యాస్కెట్ పోయింది. హెడ్ విప్పించి, లేత్‌కి పంపి, మళ్లీ బిగించేసరికి దాదాపు నెల కిరాయిలు పోయాయి. ఇంకోసారి హీట్ అయితే హెడ్ వంగుతుంది, లేదా క్రాక్ ఇస్తుంది. అప్పుడు ఇంజన్ పని మొత్తం చేయించాలి. బండికి ఇంకా వాయిదాలు కట్టాలి. అందుకే ఈ ఎపిసోడ్‌ని సరదా మోడిఫికేషన్ వీడియోలా చూడొద్దు.

ముందు ఒక చిన్న లెక్క. ఇంజన్‌లో కాలే డీజిల్‌లో పనికొచ్చే శక్తి సుమారు మూడో వంతు. ఇంకో మూడో వంతు సైలెన్సర్ గుండా పొగతో బయటికి పోతుంది. మిగతాదాంట్లో ఎక్కువ భాగం నీళ్లలోకి, అంటే కూలెంట్‌లోకి దిగుతుంది. దాన్ని గాలిలోకి వదలడమే రేడియేటర్ పని. కూలెంట్ నుంచి గాలికి వేడి వెళ్లాలంటే రెండూ కదలాలి. లోపల నీళ్లు పారాలి, బయట గాలి దూరాలి. మనవాళ్లు నీళ్ల సంగతే ఆలోచిస్తారు, గాలిని మర్చిపోతారు. ఘాట్‌లో బండిని ఆపేది ఆ గాలే.

హైవే మీద 60, 70లో వెళ్తుంటే ఎదురుగాలి దానంతటదే జాలీలోకి దూరుతుంది. ఘాట్‌లో సీన్ వేరు. లోడు మీద ఉంది, రెండో గేరు, స్పీడు 15, 20 దాటదు. ఇంజన్ మాత్రం ఫుల్లుగా లాగుతోంది. అంటే వేడి పుట్టడం ఎక్కువ, ఎదురుగాలి దాదాపు సున్నా. అప్పుడు గాలి మొత్తం ఫ్యానే లాగాలి. కాబట్టి ఫ్యాన్ లాగలేని రేడియేటర్ పెడితే అది ఎంత పెద్దదైనా లాభం లేదు.

సరే, రేడియేటర్ మార్చే ముందు అసలు హీట్ ఎందుకు అవుతోందో పట్టుకోవాలి. ఎప్పుడు హీట్ అవుతోందో గమనించండి, సగం జవాబు అక్కడే దొరుకుతుంది. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు హీటై, హైవే ఎక్కగానే తగ్గితే తప్పు గాలి వైపు ఉంది. ఫ్యాన్, బెల్టు, ఫ్యాన్ కవర్ చూడండి. అదే హైవే మీద స్పీడుగా వెళ్తున్నప్పుడు మెల్లగా ముల్లు ఎక్కుతూ పోతే, జాలీ లోపల గొట్టాలు మూసుకుపోయి ఉండొచ్చు, లేదా వాటర్ పంపు సరిగ్గా తోయట్లేదు. పొద్దున్నే చల్లగా ఉన్న ఇంజన్ స్టార్ట్ చేసిన నిమిషంలోనే పై హోస్ రాయిలా గట్టిపడి, మూత తీసి ఉంచితే నీళ్లలో బుడగలు ఆగకుండా వస్తుంటే, అది గ్యాస్కెట్ పని. సిలిండర్‌లో గ్యాస్ నీళ్లలోకి వచ్చేస్తోంది. దానికి మీరు లారీ రేడియేటర్ తెచ్చి పెట్టినా ఉపయోగం లేదు.

జాలీ లోపల మూసుకుపోయిందో లేదో ఎలా తెలుస్తుంది? బండిని బాగా తిప్పి తీసుకొచ్చి, ఇంజన్ ఆపేయండి. తాళం జేబులో పెట్టుకోండి, ఫ్యాన్ దగ్గర చెయ్యి పెడుతున్నాం కాబట్టి. టెంపరేచర్ గన్ ఉంటే దాంతో జాలీ మీద అక్కడక్కడా కొట్టి చూడండి. పై నుంచి కిందికి వేడి మెల్లగా, వరసగా తగ్గాలి. మధ్యలో ఎక్కడైనా ఒక పట్టీ మాత్రం చల్లగా ఉంటే, ఆ గొట్టాల్లో నీళ్లు పారట్లేదన్నమాట. ఈ తమ్ముడి బండిలో కింది భాగం, దాదాపు మూడో వంతు, చల్లగా ఉంది. ఏళ్ల తరబడి దారిలో దొరికిన బోరు నీళ్లు పోశారు. సున్నం గార కట్టేసింది. పైగా ఫ్యాన్ చుట్టూ ఉండాల్సిన కవర్ అసలు లేనే లేదు. ఎప్పుడో పగిలిపోతే తీసి పడేశారట. "అది లేకపోయినా ఫ్యాన్ తిరుగుతోంది కదన్నా" అన్నాడు.

ఆ కవర్ గురించి కొంచెం చెప్పాలి. దీన్ని ష్రౌడ్ అంటారు, మన మెకానిక్‌లు కౌల్ అని కూడా అంటారు. ఫ్యాన్ గుండ్రం, జాలీ చతురస్రం. కవర్ లేకపోతే ఫ్యాన్ తన ఎదురుగా ఉన్న గుండ్రటి భాగంలోంచి మాత్రమే గాలి లాగుతుంది. మూలలు నాలుగూ వేస్ట్. అంతకంటే ఘోరం ఏంటంటే, జాలీలోంచి లాగడం కష్టం కాబట్టి పక్కనుంచి, ఇంజన్ మీది వేడి గాలినే మళ్లీ లాగి తిప్పుతుంది. గాలి ఎప్పుడూ సులువైన దారే వెతుకుతుంది, మనలాగే. కవర్ ఉంటే జాలీ మొత్తంలోంచి లాగక తప్పదు. రెక్కల వెడల్పులో సుమారు సగం కవర్ లోపల, సగం బయట ఉండేలా చూసుకోవాలి. అలాగే రేడియేటర్‌కీ బాడీకీ మధ్య పక్కల ఖాళీలుంటే రబ్బరు పట్టీతోనో ఫోమ్‌తోనో మూసేయండి.

ఇప్పుడు అసలు గొడవకి వద్దాం. రాగిదా, అల్యూమినియందా? దీని మీద షెడ్డులో కూర్చుంటే టీలు అయిపోతాయి గానీ వాదన తెగదు.

కంపెనీ నుంచి ఈ మధ్య వచ్చే బళ్లలో అల్యూమినియం జాలీ, పైనా కిందా లేదా పక్కల ప్లాస్టిక్ ట్యాంకులు ఉంటాయి. పాత పద్ధతిది రాగి, ఇత్తడి కలిపి టంకం పెట్టినది. "రాగి వేడిని బాగా లాగుతుంది, కాబట్టి రాగిదే బెస్ట్" అంటారు. సగం నిజం. లోహం వేడిని మోసే గుణానికి ఒక లెక్క ఉంది. అందులో రాగికి సుమారు 400, అల్యూమినియంకి 235 దగ్గర. అక్కడికి రాగి గెలిచింది. కానీ మనం రాగి రేడియేటర్ అనేదాంట్లో రాగి ఉండేది పల్చటి రేకుల్లోనే. నీళ్లు పారే గొట్టాలు ఇత్తడివి. ఇత్తడికి అదే లెక్కలో 120 అటూ ఇటూ. గొట్టానికీ రేకుకీ మధ్య ఉన్న టంకం ఇంకా తక్కువ. అల్యూమినియం జాలీలో గొట్టం, రేకు రెండూ అల్యూమినియమే, కాల్చి అతికిస్తారు. గట్టి లోహం కాబట్టి గొట్టాలు వెడల్పుగా చేయొచ్చు, రేకుకి ఎక్కువ చోటు ఆనుతుంది. అందుకే వెడల్పు గొట్టాలున్న రెండు వరసల అల్యూమినియం జాలీ, సన్న గొట్టాల నాలుగు వరసల రాగి జాలీకి ధీటుగా పనిచేయగలదు. పైగా బరువు బాగా తక్కువ.

మరి రాగిది ఎందుకు? రిపేర్ కోసం. ప్లాస్టిక్ ట్యాంకు వయసు మీద పడితే పెళుసెక్కి, జాలీకి నొక్కిన అంచు దగ్గర పగులుతుంది. దానికి ఎంసీల్ పెట్టి ఇంటికి చేరొచ్చు గానీ, నమ్మి ఘాట్ ఎక్కకూడదు. ఇత్తడి ట్యాంకు లీకైతే పట్టణంలో రేడియేటర్ పని చేసే మేస్త్రి అదే రోజు టంకం వేసి ఇస్తాడు. గొట్టాల్లో గార కడితే ట్యాంకు ఊడదీసి, సన్నటి బద్ద దింపి శుభ్రం చేసి మళ్లీ అతికిస్తాడు. అల్యూమినియం జాలీకి ఆ సేవలేవీ నడవవు, కొత్తది కొనుక్కోవడమే. మీరు సిటీలో తిరిగితే అల్యూమినియం తీసుకోండి. కొండల మీద, స్పేర్ దొరకని చోట తిరిగితే నా ఓటు రాగికే. ఇది నా అభిప్రాయం. మీ మెకానిక్ వేరేలా చెబితే కారణం అడగండి.

ఇంక వరసల సంగతి. "అన్నా, నాలుగు వరసలది వేయించేస్తా, ఒకేసారి పీడ పోతుంది." ఆగు తమ్ముడూ. జాలీ ఎంత లావైతే గాలి దూరడం అంత కష్టం. ముందు వరస దాటేసరికే గాలి వేడెక్కిపోతుంది. ఆ వేడి గాలి వెనక వరసకి చేసే మేలు తక్కువ. హైవే మీద ఎదురుగాలి తోసేస్తుంది కాబట్టి పెద్దగా తేడా కనపడదు. ఘాట్‌లో ఫ్యాన్ ఒక్కటే లాగాలి కదా, అక్కడ దొరికిపోతాం. అందుకే లావు పెంచడం కంటే ముందు వైశాల్యం పెంచడం మేలు. గాలికి ఎదురుగా ఉన్న జాగాలో ఎంత పొడవు, ఎంత వెడల్పు పడుతుందో అంతా వాడుకోండి. ఆ తర్వాతే వరసల గురించి ఆలోచించండి.

పాత మార్కెట్‌కి వెళ్లేవాళ్లు టేపు తీసుకుని వెళ్లండి. ఫోన్‌లో ఫోటో చూపించి "ఇలాంటిది కావాలి" అంటే ఏదో ఒకటి అంటగడతారు. జాలీ ఎత్తు, వెడల్పు, మందం రాసుకోండి. ఫ్యాన్ రెక్కకీ జాలీకీ మధ్య కనీసం 20, 25 మిల్లీమీటర్లు ఉండాలి. ఇంజన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుని ఉంటుంది, గోతిలో పడినప్పుడు ముందుకి ఊగుతుంది. అప్పుడు రెక్క జాలీకి తగిలితే కొత్త రేడియేటర్ అక్కడికక్కడే అయిపోతుంది. ముందు వైపు ఏసీ కండెన్సర్ గానీ ఇంటర్‌కూలర్ గానీ ఉంటే వాటికీ జాగా లెక్క వేయాలి.

పై పైపు, కింది పైపు ఏ పక్కకి ఉన్నాయి, వాటి లావెంత, ఇది కూడా ముఖ్యం. కుడి పక్కకి ఉండాల్సినది ఎడమకి ఉంటే హోస్‌ని మెలి తిప్పి తగిలిస్తారు. చల్లగా ఉన్నప్పుడు బానే ఉంటుంది. వేడెక్కాక రబ్బరు మెత్తబడి మడత పడుతుంది. ముఖ్యంగా కింది హోస్‌ని పంపు లోపలికి పీలుస్తుంది కాబట్టి అది చప్పిడైపోయి నీళ్లే ఆగిపోవచ్చు. లావు తేడా ఉంటే నట్టులా తిప్పి క్లిప్పు బిగించేయడం కాదు, ఆ సైజుకి తగ్గ హోసే వెతకండి.

ఇంకోటి, చాలామంది చూడనిది. నీళ్లు పోసే మూత ఇంజన్ పై భాగం కంటే ఎత్తులో ఉండాలి. పొట్టి రేడియేటర్ పెడితే మూత కిందికి వెళ్తుంది, ఇంజన్‌లో పైన గాలి ఇరుక్కుంటుంది. మీరు నిండా పోశాననుకుంటారు, లోపల హెడ్ దగ్గర మాత్రం గాలి బుడగ. అక్కడ హెడ్ కాలిపోతున్నా మీటర్ ముల్లు తప్పు చూపించొచ్చు. సెన్సార్ నీళ్లలో మునిగి ఉంటేనే సరిగ్గా చెబుతుంది, గాలిలో ఉంటే దాన్ని నమ్మలేం. దారిలో నీళ్లన్నీ కారిపోయినప్పుడు ముల్లు కిందికి పడిపోతే "హమ్మయ్య చల్లబడింది" అనుకుని ఇంజన్ పోగొట్టుకునేది ఇలాగే.

బిగించేటప్పుడు కింద రబ్బరు బుష్‌లు తప్పనిసరి. పికప్ అంటే ఛాసిస్ మీద బాడీ. గతుకుల్లో ఛాసిస్ మెలి తిరుగుతుంది. రేడియేటర్‌ని ఇనప పట్టీలతో గట్టిగా వెల్డింగ్ చేసి కట్టేస్తే ఆ మెలిక అంతా టంకం మీద పడి అతుకులు విడిపోతాయి. రాగిది బరువెక్కువ కాబట్టి ఇంకా జాగ్రత్త.

ఇప్పుడు మూత, అంటే క్యాప్. చిన్న వస్తువే గానీ చాలా పనులు చేస్తుంది. మూత ఆపే ప్రెషర్ ఒక్కో పీఎస్ఐకి నీళ్లు మరిగే పాయింట్‌ని సుమారు ఒకటిన్నర డిగ్రీ పైకి జరుపుతుంది. 13 పీఎస్ఐ మూత అంటే 20 డిగ్రీల దాకా లాభం. అరకు 900 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ మూత లేని గిన్నెలో నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. కాబట్టి కొండ మీద మూత రబ్బరు చీకిపోయి ఉంటే నష్టం ఇంకా ఎక్కువ. అలాగని ఎక్కువ ప్రెషర్ మూత పెట్టేయకండి. పాత హోస్‌లు, పాత అతుకులు తట్టుకోలేవు. కంపెనీ చెప్పిన నంబరే, కొత్తది కొనండి. వేరే బండి రేడియేటర్ తెస్తే దాని మెడ సైజు, లోతు వేరుగా ఉంటాయి. మీ మూత దానికి పైకి పట్టినట్టే ఉండి లోపల సీటు మీద ఆనకపోవచ్చు.

థర్మోస్టాట్ తీసి పడేసే అలవాటు గురించి కూడా ఒక మాట. హీట్ అంటే చాలు, ముందు దాన్ని పీకేస్తారు. చాలా బళ్లలో అది 82 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది. తీసేస్తే ఇంజన్ చలిగా తిరిగి డీజిల్ ఎక్కువ తాగుతుంది. కొన్ని ఇంజన్లలో అయితే బైపాస్ దారి తెరిచే ఉండిపోయి, కొన్ని నీళ్లు రేడియేటర్‌కి వెళ్లకుండానే తిరుగుతుంటాయి. అంటే హీట్ తగ్గించాలని తీస్తే లోడు మీద హీట్ పెరుగుతుంది. అనుమానంగా ఉంటే గిన్నెలో నీళ్లు కాచి అందులో వేసి చూడండి, తెరుచుకుంటుందో లేదో తెలిసిపోతుంది.

సరే, ఈ బండికి ఏం చేశాం? తమ్ముడు పెద్ద లారీ నాలుగు వరసల రేడియేటర్ చూసి వచ్చాడు. వద్దన్నాను. మందం ఎక్కువై ఫ్యాన్‌కి జాగా లేదు, పైపులు ఎదురు పక్కలకి ఉన్నాయి. దాని బదులు పాతదాని కొలతలకే రాగి జాలీ, ఇత్తడి ట్యాంకులతో మూడు వరసలది కట్టించాం. పక్కన ఖాళీగా ఉన్న రెండు వేళ్ల జాగా కూడా వాడుకున్నాం. ఫ్యాన్ కవర్ రేకుతో చేయించాం. కొత్త మూత, కొత్త హోస్‌లు, కొత్త థర్మోస్టాట్.

కొత్తది తగిలించే ముందు ఇంజన్ బ్లాక్‌ని రెండు వైపుల నుంచీ నీళ్లతో కడగాలి. లేకపోతే లోపలున్న తుప్పంతా వచ్చి కొత్త గొట్టాల్లో కూర్చుంటుంది. మొదటి వారం పై హోస్ లోపల రేడియేటర్ మూతి దగ్గర పల్చటి జాలీ గుడ్డ పెట్టి, రెండు మూడు రోజులకోసారి తీసి చూడండి. ఇతని బండిలో మొదటి ట్రిప్పుకే చారెడు ఎర్ర మట్టి లాంటి తుప్పు దొరికింది.

పోసేది బోరు నీళ్లు కాదు. ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్, దాంట్లో కూలెంట్. డబ్బా మీద ఏ లోహాలకి పనికొస్తుందో చదవండి, టంకం ఉన్న రాగి రేడియేటర్‌కి అన్నీ పడవు. రంగులు కలపకండి. "ఎక్కువ కూలెంట్ పోస్తే ఎక్కువ చల్లగా ఉంటుంది" అన్నది కూడా తప్పే. వేడిని మోయడంలో మామూలు నీళ్లదే పైచేయి. కూలెంట్ తుప్పు ఆపుతుంది, మరిగే పాయింట్ పెంచుతుంది. కంపెనీ చెప్పిన పాళ్లకి మించొద్దు. తీసేసిన పాత కూలెంట్‌ని రోడ్డు పక్కన పారబోయకండి, ప్లీజ్. తియ్యగా ఉంటుంది, కుక్కలు, పశువులు నాకుతాయి. అది విషం.

నింపేటప్పుడు బండి ముక్కు ఎత్తులో ఉండేలా వాలు మీద నిలబెట్టండి. మూత తీసి, ఐడిలింగ్‌లో ఉంచి, పై హోస్‌ని మెల్లగా నొక్కుతూ ఉండండి. థర్మోస్టాట్ తెరుచుకోగానే నీళ్లు ఒక్కసారిగా దిగుతాయి, అప్పుడు మళ్లీ పోయండి. బుడగలు ఆగాక మూత పెట్టండి. ఆ రాత్రి చల్లబడ్డాక, పొద్దున్నే ఇంకోసారి లెవెల్ చూడండి.

మొదటి ట్రిప్పు ఖాళీగా పంపాం, రెండోది సగం లోడు, మూడోది ఫుల్. ఫుల్ లోడులో ముల్లు సగం దాటి కొంచెం పైకి వెళ్లి అక్కడే ఆగింది. ఇంతకుముందు డముకు వ్యూ పాయింట్ రాకముందే బండి పక్కకి తీసేవాడు.

చివరగా, ఘాట్‌లో నిజంగానే హీట్ అయితే? ఏసీ ఆపండి, హీటర్ ఉంటే ఫుల్లుగా పెట్టండి, అది కూడా ఒక చిన్న రేడియేటరే. వెడల్పు చోటు చూసి ఆపండి, చక్రాలకి రాళ్లు పెట్టండి. హోస్ పగలలేదు, నీళ్లు కారట్లేదు అంటే రెండు మూడు నిమిషాలు ఐడిలింగ్‌లో ఉంచి అప్పుడు ఆపండి. నీళ్లు కారిపోతుంటే వెంటనే ఆపేయండి. మూత ముట్టుకోవద్దు. కనీసం ముప్పావు గంట. గుడ్డ వేసి తిప్పుతా అంటారు, లోపల 110 డిగ్రీల నీళ్లు ప్రెషర్‌తో ఉన్నాయి, మూత వదులవగానే ఆవిరై మొహం మీదకొస్తాయి. మాడిన ఇంజన్ మీద చన్నీళ్లు కుమ్మరించకండి, హెడ్ క్రాక్ ఇస్తుంది.

ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టొచ్చా అని కూడా చాలామంది అడిగారు. పెట్టొచ్చు, కానీ పాత బండి ఆల్టర్నేటర్ దాన్ని మోయగలదా అన్నది పెద్ద కథ. వచ్చే ఎపిసోడ్‌లో అదే విప్పి చూపిస్తాను. అప్పటిదాకా మీ బండి జాలీ ముందు పేరుకున్న పురుగులు, మట్టి వెనక నుంచి ముందుకి నీళ్లు కొట్టి కడగండి. మరీ ఫోర్స్‌గా వద్దు, రేకులు వంగిపోతాయి. ఉంటాను ఫ్రెండ్స్.